సోల్, ఫంక్ లేబుళ్లు పంపే వార్తల్లో ఏం చూడాలి? హైదరాబాద్‌లో ఉండి ఆ రికార్డులు కొనొచ్చా?

ప్రశ్న ఇదీ: "మాది హైదరాబాద్. ఓహైయోలో ఉండే మా బావగారు తెచ్చిచ్చిన పాత టర్న్‌టేబుల్‌తో ఈమధ్యే రికార్డులు వినడం మొదలుపెట్టాను. అమెరికాలో సోల్, ఫంక్ (అక్కడి నల్లజాతివాళ్ల సంగీతం) వేసే ఒకట్రెండు ఇండిపెండెంట్ లేబుళ్ల, అంటే రికార్డు కంపెనీల నుంచి వారం వారం మెయిల్ వస్తోంది. కొత్త 45 (చిన్న రికార్డు) వస్తోంది, ఫలానా ఎల్పీ (పెద్ద ఆల్బం రికార్డు) మళ్లీ ప్రెస్ చేశాం, నీలం రంగు కాపీలు కొన్నే ఉన్నాయి, ఇప్పుడే ప్రీ-ఆర్డర్ చేయండి అని. ఇందులో ఎంత నిజం, ఎంత మార్కెటింగ్? స్ట్రీమింగ్‌లో వింటే సరిపోదా? అసలు మన దగ్గర ఇలాంటి లేబుల్ ఎందుకు లేదు?"

ముందు రంగు సంగతి తేల్చేద్దాం. నీలం రికార్డులో పాట నల్ల రికార్డులో కన్నా బాగా వినిపించదు. చిన్న లేబుల్ రంగులు వేసేది, కాపీలు కొన్నే అని ఊరించేది, ముందుగా డబ్బు చేతికొస్తే ప్రెస్సింగ్ ప్లాంటు బిల్లు కట్టుకోవచ్చని. అందులో మోసమేమీ లేదు, కానీ దాన్ని చూసి తొందరపడాల్సిన పనీ లేదు. నేనైతే ఆ మెయిల్లో మూడు విషయాలు వెతుకుతాను. వాయించింది ఎవరు, ఎక్కడ రికార్డ్ చేశారు, మాస్టర్ (అంటే అసలు రికార్డింగ్) ఎవరి చేతిలో ఉంది. ఫోటో కింద చిన్న అక్షరాల్లో ఎక్కడో ఉంటాయివి. ఉండకపోతే అదీ ఒక సమాచారమే.

వాయించింది ఎవరు అని ఎందుకంటే, ఈ సంగీతంలో గాయకులు మారుతుంటారు, వెనక బ్యాండు మారదు. మెంఫిస్‌లోని స్టాక్స్ అనే పాత లేబుల్‌కు బుకర్ టీ అండ్ ది ఎంజీస్ ఎలాగో, బ్రూక్లిన్‌లోని డాప్‌టోన్ అనే లేబుల్‌కు డాప్-కింగ్స్ అలాగ. ఫిన్లాండ్‌లో టిమ్మియన్ అనే లేబుల్ ఉంది, హెల్సింకీలో. వాళ్ల హౌస్ బ్యాండ్ పేరు కోల్డ్ డైమండ్ అండ్ మింక్. ఆ లేబుల్ మీద ఎవరు పాడినా ఆ డ్రమ్ము చప్పుడు వెంటనే పోల్చుకోవచ్చు. ఫంక్‌లో ఇది ఇంకా ఎక్కువ. ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ 1965 నుంచీ తన బ్యాండు చేత గట్టిగా పట్టించింది ప్రతి తాళ ఆవృత్తంలో మొదటి దెబ్బను. ఆ దెబ్బ మీద అందరూ ఒక్కటవ్వాలి, తర్వాత ఎవరి అల్లిక వాళ్లది. బోనాలకు తీన్మార్ వింటూ పెరిగినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. బార్కస్ వైపు పెళ్లి బారాత్‌లో మర్ఫా విన్నవాళ్లకైతే అసలే అక్కర్లేదు. నిజాం కొలువుకు వచ్చిన ఆఫ్రికన్, అరబ్ సిపాయిల వెంట వచ్చిన వాయిద్యం కదా అది.

కాబట్టి "కొత్త గాయని, మా హౌస్ బ్యాండుతో" అని మెయిల్ వస్తే చెవి పెట్టి వింటాను. "ఫలానా స్టార్ సోల్ ఆల్బం" అని వచ్చి వెనక వాయించినవాళ్ల పేర్లు లేకపోతే పక్కన పెడతాను.

ఇక ఎక్కడ రికార్డ్ చేశారు, మాస్టర్ ఎవరిది అన్న రెండూ కలిపి చెబుతాను. ఈ రంగంలో అందరూ చెప్పుకునే పెద్ద దెబ్బ స్టాక్స్‌కు తగిలింది. 1957లో జిమ్ స్టీవర్ట్ అనే బ్యాంకు ఉద్యోగి దాన్ని మొదలుపెట్టాడు, మొదట వేరే పేరుతో. వాళ్లక్క ఎస్టెల్ ఆక్స్‌టన్ ఇల్లు తాకట్టు పెట్టి రికార్డింగ్ మెషీన్‌కు డబ్బిచ్చింది. తర్వాత మెంఫిస్‌లో మూతపడ్డ ఒక సినిమా హాలు అద్దెకు తీసుకున్నారు. కుర్చీలు పీకేసిన చోట స్టూడియో, తినుబండారాలు అమ్మే చోట రికార్డుల షాపు. హాలు నేల వాలుగా ఉండేది, దాన్ని అలాగే వదిలేశారు. షాపు కౌంటర్లో ఎస్టెల్ కూర్చునేది. వీధి పిల్లలు ఏ పాటకు కాలు కదుపుతున్నారు, ఏది పెడితే మొహం తిప్పుకుంటున్నారు అనేది ఆమె కళ్లముందే తెలిసేది. గోడ అవతల పాటలు కట్టేవాళ్లకు అంతకన్నా మంచి సర్వే ఏముంటుంది?

వాళ్ల రికార్డులను దేశమంతా పంపిణీ చేసింది న్యూయార్క్‌లోని అట్లాంటిక్. చాలాకాలం మాట మీదే నడిచింది. 1965లో కాగితం రాసుకున్నారు. స్టీవర్ట్ నమ్మకం కొద్దీ సరిగా చదవకుండానే సంతకం పెట్టాడు. 1967 డిసెంబర్ 10న వాళ్ల పెద్ద స్టార్ ఓటిస్ రెడింగ్ విమాన ప్రమాదంలో చనిపోయాడు. అదే సమయంలో అట్లాంటిక్ వార్నర్ చేతికి వెళ్లింది. 1968లో విడిపోదామని ఆ కాగితం బయటికి తీస్తే, అప్పటిదాకా అట్లాంటిక్ పంపిణీ చేసిన స్టాక్స్ పాటల మాస్టర్లన్నీ అట్లాంటిక్‌వేనని అందులో ఉంది. పాడింది, వాయించింది, ఖర్చు పెట్టింది వీళ్లు. సొత్తు వాళ్లది. చేతిలో పాత పాట ఒక్కటీ లేకుండా మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. 1969లో ఒక్క ఊపున 27 ఆల్బంలు విడుదల చేశారంటే ఆ తొందర అర్థం చేసుకోండి. వాళ్ల గాయకుడు ఐజాక్ హేస్ పుణ్యమా అని కొన్నేళ్లు నిలబడ్డారు గానీ 1975 చివరికి దివాలా తీశారు.

ఇప్పటి చిన్న లేబుళ్ల వాళ్లకు ఈ కథ కంఠతా వచ్చు. అందుకే ఎంత చిన్నదైనా స్టూడియో, టేపు, మాస్టర్ తమ దగ్గరే ఉంచుకోవాలని చూస్తారు. డాప్‌టోన్‌నే తీసుకోండి. గేబ్రియల్ రాత్, నీల్ షుగర్‌మన్ 2001లో పెట్టారు. అంతకుముందు రాత్‌కు, ఫిలిప్ లేమన్ అనే మిత్రుడికి డెస్కో అని ఒక లేబుల్ ఉండేది. దాని మొదటి రికార్డు మీద డెబ్బయిల నాటి ఒక కుంగ్ ఫూ సినిమా సంగీతం అని వేసి అమ్మారు. అలాంటి సినిమానే లేదు! పాత రికార్డుల పిచ్చివాళ్లు కొత్త బ్యాండును పట్టించుకోరు, పాతదంటే ఎగబడి కొంటారు అని వాళ్లకు తెలుసు. కొంటె పనే, కానీ రికార్డు మాత్రం నిజంగా బాగుంటుంది.

తర్వాత డాప్‌టోన్ కోసం బ్రూక్లిన్‌లో ఒక పాత ఇల్లు తీసుకుని, బ్యాండువాళ్లు తలా ఒక చెయ్యి వేసి స్టూడియో కట్టుకున్నారు. కంప్యూటర్ లేకుండా టేపు మీదే రికార్డింగ్. గాయని షారన్ జోన్స్ పాడింది అక్కడే. ఆమె రైకర్స్ ఐలాండ్ జైల్లో గార్డుగా పనిచేసిన మనిషి. మొదటి సోలో పాట రికార్డ్ చేసేనాటికి వయసు నలభై. పొట్టి, లావు, నలుపు, వయసైపోయింది అని ఒక కంపెనీ వాళ్లు మొహం మీదే అన్నారని ఆమే చాలాచోట్ల చెప్పింది. అదే లేబుల్ గాయకుడు చార్లెస్ బ్రాడ్లీ అయితే ఏళ్ల తరబడి జేమ్స్ బ్రౌన్ వేషం కట్టి క్లబ్బుల్లో పాడాడు. మొదటి ఆల్బం 2011లో వచ్చేసరికి 62 ఏళ్లు. పెద్ద కంపెనీ ఏదీ ఇలాంటి పని చెయ్యదు, వాళ్ల లెక్కకు అది అందదు. 2006లో బ్రిటిష్ గాయని ఏమీ వైన్‌హౌస్ ఆల్బంకు దాని ప్రొడ్యూసర్ మార్క్ రాన్సన్ డాప్-కింగ్స్‌ను పెట్టుకున్నాక పెద్ద కంపెనీలు కూడా ఆ ఇంటి తలుపు తట్టాయి. షారన్ 2016 నవంబర్‌లో, చార్లెస్ 2017 సెప్టెంబర్‌లో, ఇద్దరూ క్యాన్సర్‌తోనే పోయారు. ఏడాది తిరక్కుండా రెండు పెద్ద గొంతులు పోయినా లేబుల్ నిలబడిందంటే మాస్టర్లు, బ్యాండు తమ చేతిలో ఉండబట్టే అని నా అభిప్రాయం. 2020లో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో పెన్‌రోజ్ అని ఇంకో లేబుల్ కూడా మొదలుపెట్టారు, ఆ ప్రాంతంలో మెల్లని సోల్ పాటలను ప్రాణంగా చూసుకునే మెక్సికన్ అమెరికన్ శ్రోతలు ఉన్నారని.

మీ మెయిళ్లలో ఎక్కువగా కనిపించేది 45 కదా, దాని గురించి కాస్త. ఏడంగుళాల రికార్డు, నిమిషానికి 45 తిరుగుళ్లు, పక్కకు ఒక పాట. 1949లో ఆర్‌సీఏ విక్టర్ తెచ్చింది. సోల్, ఫంక్ పుట్టి పెరిగింది దీని మీదే. జూక్‌బాక్సుల్లో, రేడియోలో, డాన్సుల్లో ఆడింది ఇదే. అందుకే ఈ లేబుళ్లు ఎల్పీ కన్నా ముందు 45 వేసి జనం నాడి చూస్తాయి. రెండో పక్కన అదే పాట గొంతు లేకుండా, ఒట్టి బ్యాండుతో వస్తుంటుంది. చాలామంది దాన్ని తిప్పి కూడా చూడరు. నేను ముందు పెట్టేదే ఆ పక్క. బేస్, డ్రమ్ము ఎలా కలిశాయో అక్కడే తేటగా తెలుస్తుంది.

తయారీ సంగతి తెలిస్తే ఆలస్యాల మీద కోపం తగ్గుతుంది. లక్క పూసినట్టుండే ఒక పళ్లెం మీద ముందు గాడి చెక్కుతారు, దాన్ని లాకర్ అంటారు. దాని మీద వెండి, నికెల్ పూత పోసి అచ్చులు తీస్తారు. ఆ అచ్చుల మధ్య వేడి పీవీసీ ముద్ద పెట్టి నొక్కితే రికార్డు. అచ్చుల దాకా అయ్యే ఖర్చు 300 కాపీలకైనా 1,000 కాపీలకైనా దాదాపు అంతే. అందుకే చిన్న లేబుల్ రికార్డు ఖరీదుగా ఉంటుంది. 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో అపోలో మాస్టర్స్ ఫ్యాక్టరీ కాలిపోయింది. ప్రపంచం మొత్తానికి లాకర్లు చేసే ఫ్యాక్టరీలు అప్పటికి రెండే, రెండోది జపాన్‌లో. ఆ తర్వాత కోవిడ్. ప్రీ-ఆర్డర్ తేదీలు నెలలు నెలలు జరిగిపోయాయి. ఇప్పుడు నయమే గానీ, మెయిల్లో రాసిన షిప్పింగ్ తేదీని పెళ్లి ముహూర్తంలా పట్టుకోకండి.

రీప్రెస్ అని వస్తే మాత్రం ఒక ప్రశ్న అడగండి, లేదా వివరాల్లో వెతకండి. ఒరిజినల్ టేపు నుంచి మళ్లీ గాడి కట్ చేశారా, పాత అచ్చులతోనే నొక్కారా, సీడీ ఫైలు నుంచి లాగారా? మంచి లేబుల్ ఇది గర్వంగా రాసుకుంటుంది. రికార్డు చేతికొచ్చాక చివరి గాడికి, మధ్యలోని కాగితానికి నడుమ ఖాళీ జాగా ఉంటుంది, దాన్ని ట్యూబ్‌లైటు కింద వంచి చూడండి. గీకిన అంకెలు కనిపిస్తాయి. కట్ చేసినతను కొన్నిసార్లు తన ఇనిషియల్స్ కూడా అక్కడే చెక్కుతాడు.

స్ట్రీమింగ్ చాలదా అంటే, వినడానికి చాలు. లేబుల్ బతకడానికి చాలదు. స్పాటిఫైలో 2024 నుంచి ఒక పాట పన్నెండు నెలల్లో వెయ్యిసార్లు ప్లే అయితే తప్ప ఆ రికార్డింగ్‌కు రాయల్టీయే లెక్కలోకి రాదు. బ్యాండ్‌క్యాంప్ అనే సంగీతం అమ్మే సైటులో కొంటే డిజిటల్ మీద 15 శాతం, రికార్డుల మీద 10 శాతం సైటు తీసుకుంటుంది, పేమెంట్ చార్జీలు పోగా మిగతాది లేబుల్‌కు వెళ్తుంది. రికార్డు కొంటే డౌన్‌లోడ్ కూడా చాలావరకు వెంటే వస్తుంది. బడ్జెట్ తక్కువైతే పాట డిజిటల్‌గా కొనుక్కోండి, మరీ నచ్చినదాన్నే రికార్డుగా తెప్పించుకోండి. నేను కొత్తవాళ్లందరికీ చెప్పేది ఇదే.

మన దగ్గర ఎందుకు లేదు అన్నారు. వాయించేవాళ్లు లేక కాదు. సోల్ పుట్టింది చర్చి పాటల్లోంచి. సోల్ గాయకుడు సామ్ కుక్ గాస్పెల్ (చర్చి పాటల) బృందంలో పాడి వచ్చినవాడే. సికింద్రాబాద్ చర్చిల్లో ప్రతి ఆదివారం బేస్, డ్రమ్స్, కీబోర్డ్ వాయించే కుర్రాళ్లను వినండి, చెయ్యి తిరిగినవాళ్లు బోలెడంతమంది ఉన్నారు. లాలాగూడ, మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్ వైపు ఆంగ్లో ఇండియన్ల డాన్సు బ్యాండ్ల ముచ్చట్లు పెద్దవాళ్లను అడిగితే ఇప్పటికీ చెబుతారు. లేనిది సినిమాకు బయట పాటకు మార్కెట్. మనకు పాట అంటే సినిమా పాట. దాని మాస్టర్ మామూలుగా నిర్మాతది, లేదంటే అతని దగ్గర్నుంచి కొన్న మ్యూజిక్ కంపెనీది. వాయించినవాడికి కాల్షీటు డబ్బులు, అంతే. స్టాక్స్‌కు ఒక కాగితంతో జరిగింది మన దగ్గర రోజువారీ పద్ధతి.

2012లో కాపీరైట్ చట్టం సవరించాక రచయితకు, స్వరకర్తకు రాయల్టీ వాటా హక్కు వచ్చింది. సినిమా హాల్లో సినిమాతో పాటు వినిపించడం కాక ఇంకెక్కడ వాడినా వచ్చే ఆ వాటాను వాళ్లు కంపెనీకి రాసిచ్చేయడానికి కూడా కుదరదు. సౌండ్ రికార్డింగ్ మీద కాపీరైట్ మాత్రం విడిగా ఉంటుంది, 60 ఏళ్లు. ఎవరైనా కుర్రాళ్లు ఇక్కడ లేబుల్ పెడతామని వస్తే నేను ముందు అడిగేది మైకుల గురించి కాదు, ఒప్పందం కాగితం రాశారా అని. రికార్డింగ్ ఎవరిది, వాయించినవాళ్లకు ఎంత శాతం, ఎన్నేళ్లకు. స్నేహం బాగున్నప్పుడే రాసుకోవాలి ఇవి. ప్రెస్సింగ్‌కు ఇప్పుడు మరీ యూరప్ దాకా పోనక్కర్లేదు. కలకత్తా డమ్‌డమ్‌లో గ్రామఫోన్ కంపెనీ రికార్డులు నొక్కడం ఆపేశాక చాలాకాలం దేశంలో ఆ పనే లేదు, ఈమధ్యే ముంబైలో మళ్లీ మొదలైంది.

ఇక కొనడం. అమెరికా నుంచి ఒక్క 45 తెప్పిస్తే పోస్టేజీ రికార్డు ధరను మించిపోతుంది. దానిపై కస్టమ్స్. డ్యూటీని రికార్డు ధర మీదే వెయ్యరు, పోస్టేజీ కూడా కలిపిన మొత్తం మీద లెక్క కడతారు. రేట్లు బడ్జెట్‌కోసారి మారుతుంటాయి కాబట్టి ఆర్డర్ పెట్టే ముందు ఆనాటి రేటు చూసుకోండి. కొరియర్ అయితే కేవైసీ అడుగుతారు, వాళ్ల చార్జీ వేరే. "గిఫ్ట్ అని రాసి పంపండి" అని లేబుల్‌ను అడగొద్దు. ఇక్కడ దానివల్ల ఒరిగేది లేదు, పార్సిల్ ఆగితే అటు వాళ్లకు, ఇటు మీకు టెన్షన్.

మీకు ఓహైయోలో బావగారు ఉన్నారుగా, అంతకన్నా ఏం కావాలి! కోల్‌మైన్ రికార్డ్స్ ఉన్నదే ఆ రాష్ట్రంలో, సిన్సినాటి దగ్గర లవ్‌లాండ్‌లో. వాళ్లకు అక్కడే ప్లెయిడ్ రూమ్ అని రికార్డుల షాపు కూడా ఉంది. ఆర్డర్లన్నీ బావగారి అడ్రస్‌కు పెట్టండి. ఆయన వచ్చేటప్పుడు 45లు చేతిసంచిలో, ఎల్పీలు సూట్‌కేసులో బట్టల మధ్య నిలువుగా. తిరుగు ప్రయాణంలో ఆవకాయ, వచ్చేటప్పుడు రికార్డులు, మన ఇళ్లలో ఈ కార్గో సర్వీసు ఎలాగూ నడుస్తూనే ఉంటుంది.

పోస్టులోనే తెప్పించుకుంటే ఏప్రిల్, మే నెలల్లో వచ్చేలా మాత్రం పెట్టకండి. ఎండలో నిలబెట్టిన డెలివరీ వ్యానులో, వాచ్‌మన్ గది రేకుల కింద రికార్డు వంగిపోతుంది. వంగిన రికార్డును బల్ల మట్టంగా పెట్టి పక్కనుంచి చూస్తే అంచు అలలా లేచి పడుతూ కనిపిస్తుంది. సూది ఆ అల ఎక్కి దిగినప్పుడల్లా స్వరం జారుతుంది.

ఇక్కడ పాతవి వెతకాలంటే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాల మధ్య, ఎర్రగడ్డ సండే మార్కెట్లో, జుమేరాత్ బజార్లో అప్పుడప్పుడు తగులుతాయి. స్టాక్స్ 45 దొరుకుతుందని ఆశపడొద్దు, మన సినిమా పాటల చిన్న రికార్డులు, ఈపీలే ఎక్కువ. కవరు బాగుందని కొనకండి, రికార్డు బయటికి తీసి వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి. తెల్లటి బూజు మచ్చలైతే కడిగితే పోవచ్చు, గోటికి తగిలే గీత పోదు.

రెండు చిన్న విషయాలు. అమెరికన్ 45కు మధ్యలో పెద్ద చిల్లు ఉంటుంది, ఒకటిన్నర అంగుళం. మన పాత ఈపీలకు ఎక్కువగా చిన్న చిల్లే. కాబట్టి అడాప్టర్ కావాలి, ప్లాస్టిక్‌ది చాలు.

రెండోది మీ టర్న్‌టేబుల్. అది పాత అమెరికన్ మోడల్ అంటే 110 వోల్టులది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టే ఉంటారు. కానీ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది గానీ ఫ్రీక్వెన్సీని మార్చదు. అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50. లోపల ఏసీ సింక్రనస్ మోటారు (ఫ్రీక్వెన్సీని బట్టి తిరిగేది) ఉంటే 45 తిరగాల్సింది 37.5 దగ్గరే తిరుగుతుంది. పాట ఈడ్చినట్టు, గాయని గొంతు మగ గొంతులా వస్తుంటే ఇదే కారణం, రికార్డును తిట్టుకోకండి. డీసీ మోటారైతే ఈ బాధ లేదు. కొన్ని మోడళ్లకు 50 హెర్ట్జ్ పుల్లీ విడిగా దొరుకుతుంది, అది మారిస్తే సరిపోతుంది. వెనక స్టిక్కర్ ఫోటో, బెల్టు తీసి మోటారు ఫోటో ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.